బ్యారన్ గోడ పిడుదులు

పుణె,
3 జూలై 2024

అత్తా,

ఈ ఉత్తరం పోస్టులో రాదు, ఆదాం అన్న చేతికిచ్చి పంపుతున్నాను. మార్టూరు నుంచి గ్రానైటు పలకలు తెచ్చే ఆయన లారీ మా ల్యాబుకి రెండు కిలోమీటర్ల దూరంలోనే సరుకు దించుతుందని మొన్న తెలిసింది. ప్రాణం లేచొచ్చింది. ఫోన్‌లో చెబుదామంటే నీ చెవి సంగతి నాకు తెలుసు. కోటేష్ బావకి చెబితే సగం చెప్పి సగం మింగేస్తాడు.

అసలు సంగతికి వస్తాను. నా పరిశోధన గబ్బిలాల మీద బతికే పిడుదుల గురించి. మన ఊళ్ళో గోమారి అంటామే, దాని చుట్టాలు. కుక్క చెవిలో కనిపించే గోమారికి వీపు మీద గట్టి డిప్ప ఉంటుంది. వీటికి ఉండదు, ఒళ్ళంతా ముడతలు పడ్డ తోలు. పైనుంచి చూస్తే నోరు కూడా కనిపించదు, పొట్ట కిందికి ఉంటుంది. అందుకే వీటిని మెత్త పిడుదులంటాం. గోడ బీటల్లో దాక్కుంటాయి. గబ్బిలం పడుకున్నప్పుడు వచ్చి కాసేపు రక్తం తాగి మళ్ళీ బీటలోకి దూరతాయి. నెలల తరబడి తిండి లేకపోయినా చావవు.

మంట వేసి పచ్చి పొగాకు కాల్చిన మన బ్యారన్ గుర్తొచ్చింది. పొగాకు మానేసిన పన్నెండేళ్ళలో దాని నిండా గబ్బిలాలు చేరాయని పోయినేడు నువ్వే తిట్టావు. ఆ గోడల్లో ఇవి తప్పకుండా ఉంటాయి. ఆంధ్రాలో ఈ జాతుల గురించి రాసినవాళ్ళు చాలా తక్కువ. నాకు కొన్ని పట్టి పంపాలి.

ఆదాం అన్న దగ్గర చిన్న సీసాలు, స్పిరిట్, పట్టకారు, గ్లవుజులు ఉన్నాయి. దొరికినవాటిని స్పిరిట్లో వేసి, కాగితం ముక్క మీద తేదీ, చోటు రాసి అదే సీసాలో వెయ్యి. పెన్సిల్‌తోనే రాయి, పెన్ను సిరా స్పిరిట్లో కరిగిపోతుంది. గబ్బిలాల్ని మాత్రం ముట్టుకోవద్దు. ఇరవై ఆరేళ్ళు పొగాకు గ్రేడింగ్ చేసిన కళ్ళు నీవి, ఈ పని నీకంటే బాగా ఎవరూ చెయ్యలేరు.

నీ మేనకోడలు
జ్యోతిర్మయి

*

ఇంటి నుంచి,
19 జూలై 2024

అమ్మాయ్ జ్యోతీ,

మా తమ్ముడు పొలం అమ్మి మరీ నిన్ను చదివిస్తే చివరికి గోమార్లు ఏరే ఉద్యోగం వచ్చిందా అని పక్కింటి బసవమ్మ ఒకటే నవ్వు. "మా బర్రెకి బోలెడున్నాయి వదినా, ఓ డబ్బాడు పంపనా?" అంది. మా అమ్మాయికి డిప్ప లేనివే కావాలని చెప్పాను. దానికేం అర్థమవుతుంది, నాకే సగం అర్థమైంది.

నిచ్చెన వేసుకుని ఎక్కాను. కోటేష్ కింద పట్టుకుని నిలబడి గోల. "అరవయ్యేళ్ళకి నీకీ సర్కస్ ఎందుకమ్మా" అంటాడు. దూలానికీ గోడకీ మధ్య గబ్బిలాలు అరవై దాకా ఉన్నాయి. వాటి జోలికి పోలేదు. ఇటుకల మధ్య మట్టి రాలిన చోట పుల్లతో గీరితే నువ్వు చెప్పినవి దొర్లి పడ్డాయి. పెద్దది ఉలవ గింజంత ఉంది. నిజమే, నోరు కనపడదు. ఎటు తల, ఎటు తోక అని తెలుసుకోవడానికే ఒక గంట పట్టింది.

గ్రేడింగ్ చేసే పంపుతున్నాను. పెద్దవి ఒక సీసా, మధ్యరకం ఒక సీసా, చిన్నవి ఒక సీసా. ఆవగింజలో సగం కూడా లేని ఎర్ర నలుసులు కూడా వచ్చాయి. అవి తుక్కు. బ్రష్షుతో ఊడ్చి పారబోశాను. నా చేతి మీదుగా పోయిన సరుకులో తుక్కు ఉందని ఎవరిచేతా అనిపించుకోలేదు ఇంతవరకు.

ఒక సందేహం. కోడలు భవ్యకి అయిదో నెల. ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉండగా ప్రాణి తీయకూడదంటారు. కోటేష్ తేలుని కూడా చేటలోకెత్తి అవతల పారేస్తున్నాడు. గోమారి ప్రాణి కిందికి వస్తుందా? మీ పుస్తకాల్లో ఏముందో రాయి.

ఎండలు తగ్గాయి, వాన లేదు. పత్తి విత్తనం వేసి ఆకాశం చూస్తున్నాం.

అత్త
వెంకటరావమ్మ

*

పుణె,
28 జూలై 2024

అత్తా, అత్తా,

నువ్వు తుక్కని పారబోసినవే నాకు కావలసినవి! సీసాలు తెరిచి నెత్తీనోరూ కొట్టుకున్నాను. తప్పు నాదేలే, ముందే చెప్పాల్సింది.

ఆ ఎర్ర నలుసులు పిల్లలు. గుడ్డులోంచి వచ్చినప్పుడు ఆరు కాళ్ళే, తర్వాతే ఎనిమిది. మెత్త పిడుదుల్లో పెద్దవన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. తోలు సంచిలో ఏం గుర్తు పడతాం? జాతి తేల్చేది పిల్లని చూసే. పిల్లకి వీపు మీద చిన్న పలక ఉంటుంది, ఆ పలక ఆకారం చూడాలి. ఒంటి మీద వెంట్రుకలు ఎన్నో, ఎక్కడెక్కడో లెక్కపెట్టాలి. గబ్బిలం చర్మంలో గుచ్చే ముల్లు మీద పళ్ళు ఎన్ని వరుసలో చూడాలి. ఇదంతా మైక్రోస్కోపు కింద, ఒక్కోదానికి ఒక పూట.

అంతా చేశాక కూడా గొడవ తీరదు. ఒక పండితుడు దీనికి ఒక ఇంటిపేరు పెడతాడు, ఇంకొకాయన ఆ ఇంటిపేరు తప్పని వేరే కుటుంబంలో కలుపుతాడు. ఒకే పిడుదు మూడు పుస్తకాల్లో మూడు ఇంటిపేర్లతో ఉంటుంది. నాకు పని దొరికింది ఈ తగువు వల్లే.

అందుకని నలుసులు కావాలి. గోడ కింద తెల్లటి గుడ్డ పరిస్తే కనిపిస్తాయి. పెద్దవి కూడా ఇంకో పది పంపు.

పాపం సంగతి అడిగావు. పిడుదుని చంపితే పాపమేంటత్తా! భవ్య అక్కని హాయిగా ఉండమను. దొరికినవన్నీ నిమిషం ఆలస్యం చెయ్యకుండా స్పిరిట్లో వెయ్యి. బతికున్నవాటిని ఇంట్లో పెట్టుకోకు.

నీ
జ్యోతి

*

ఇంటి నుంచి,
16 ఆగస్టు 2024

జ్యోతీ,

పిల్లని చూసి వంశం చెప్పడం నీకు కొత్తేమో, మాకు పాతే. పెళ్ళిచూపుల్లో మేం చేసేది అదే. ఇంటిపేరు మారితే ఏమవుతుంది? మా పెదనాన్న దత్తత పోయి ఇంటిపేరు మార్చుకున్నాడు, కోపం మాత్రం మా తాతదే.

నీ నలుసులు పంపుతున్నాను. పాత తెల్ల పంచె పరిచి, మూడు రోజులు పొద్దున్నే వెళ్ళి ఏరాను. నలభై దాకా ఉన్నాయి. కళ్ళు లాగేశాయి. పెద్దవి తొమ్మిది పెట్టాను. నువ్వు చెప్పినట్టే అన్నీ స్పిరిట్లోనే వేశాను.

కోటేష్ బ్యారన్ పడగొడతానంటున్నాడు. ఆ జాగాలో పత్తి వేసుకోవడానికి రేకుల షెడ్డు కట్టాలట. డిసెంబరులోపు అయిపోవాలంటాడు. నేను ఇంకా ఏమీ అనలేదు. నీకు ఇంకెన్ని కావాలో తొందరగా చెప్పు.

భవ్యకి కాళ్ళు వాస్తున్నాయి. ఉప్పు తగ్గించమన్నారు. ఆ పిల్లకేమో ఉప్పు లేకపోతే ముద్ద దిగదు.

అత్త

*

పుణె,
9 సెప్టెంబరు 2024

అత్తా,

కూర్చుని చదువు. కూర్చున్నావా?

నువ్వు పంపిన నలుసుల్లో రెండు రకాలున్నాయి. కొన్నిటికి వీపు మీద పలక వరిగింజలా పొడుగ్గా ఉంది. అది పుస్తకాల్లో ఉన్నదే, అందరికీ తెలిసినదే. పదకొండింటికి మాత్రం పలక కందిపప్పులా గుండ్రంగా ఉంది! వెంట్రుకలు కూడా రెండు తక్కువ. ఇలాంటిది నేను వెతికిన పుస్తకాల్లో ఎక్కడా లేదు. మా గైడు మేడమ్ రెండు రోజులు చూసి "ఇది కొత్త జాతి కావచ్చు" అన్నారు. ఆవిడ నోట 'కావచ్చు' అనే మాట రావడమే గొప్ప.

ఇది నాకెంత ముఖ్యమో నీకు చెప్పాలి. మార్చితో నా ఫెలోషిప్ అయిపోతుంది. కొత్త జాతి మీద పేపరు వస్తే ఇంకో రెండేళ్ళు ఇస్తారు, ఇక్కడే ఉండి థీసిస్ పూర్తి చేస్తాను. రాకపోతే మార్చిలో సామాను సర్దుకోవాల్సిందే. నాకు దిక్కు ఇప్పుడు మన బ్యారన్ గోడే అత్తా.

బావని బ్రతిమాలు, పేపరు వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దను. నువ్వు కూడా గ్లవుజులు లేకుండా పని చెయ్యకు. కొన్ని దేశాల్లో ఇలాంటి పిడుదుల్లో జ్వరం తెచ్చే క్రిములు దొరికాయి. మన బ్యారన్‌లో ఉన్నాయని కాదు, జాగ్రత్త కోసం చెబుతున్నాను.

నేల మీద కాలు నిలవని
జ్యోతి

*

ఇంటి నుంచి,
2 అక్టోబరు 2024

మా బంగారు తల్లికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి అరుగు మీద కూర్చుని అందరికీ వినపడేలా చదివాను. బసవమ్మ ఈసారి నవ్వలేదు. ఇంటింటికీ బెల్లం ముక్క పంచాను. ఆదాం గ్రానైటు పాలిషింగు యూనిట్లన్నిట్లో చెప్పేశాడు. "ప్రపంచంలో ఎక్కడా లేని గోమారి మన మార్టూరు పక్కనుందంట" అని మార్టూరు సెంటర్లో నన్నే ఆపి నాకే చెప్పాడొకాయన.

పెద్ద పేరు వస్తే పెద్ద తలనొప్పి కూడా వస్తుంది. కొత్త జీవి దొరికితే గవర్నమెంటు వాళ్ళు వచ్చి కంచె వేసి జాగా తీసేసుకుంటారని ఎవరో కోటేష్ చెవిలో వేశారు. నిజమా? వాడికి ఆ భయం ఒకటి. నీ ఉత్తరంలో 'జ్వరం' అనే మాట ఇంకో భయం. నేను అంత ఉత్తరం చదివితే వాడికి ఆ ఒక్క మాటే వినపడింది.

"ఆ దరిద్రాన్ని రేపే కూలగొట్టేస్తానమ్మా" అన్నాడు. "ముందు నన్ను కూలగొట్టరా, తర్వాత దాన్ని కూలుద్దువుగాని" అన్నాను. ఆ రోజు నుంచి మాకు మాటల్లేవు. అన్నం పెడుతున్నాను, తింటున్నాడు. కూర ఎలా ఉందో కూడా చెప్పడు. నువ్వు దిగులు పెట్టుకోకు. వాడు నా కొడుకు, రెండు నెలలు మాట్లాడకపోతే ఊడేదేం లేదు. నీ పేపరు రావాలి.

భవ్యని పురిటికి సత్తెనపల్లి పంపాం. ఇల్లు బోసిపోయింది.

గర్వంగా ఉన్న
అత్త

*

పుణె,
25 నవంబరు 2024

అత్తా,

ఊరంతా చెప్పొద్దని ముందే రాయనందుకు నన్ను నేనే తిట్టుకోవాలి. జాగా ఎవరూ తీసుకోరు. బావకి ఇది గట్టిగా చెప్పు. జ్వరం మాట కూడా జాగ్రత్త కోసమే.

పేపరు పంపాం. పత్రిక తరఫున పరిశీలించిన ఇద్దరిలో ఒకరు బాగుందన్నారు. రెండో ఆయన పదకొండు పిల్లలు చాలవన్నారు, ఇంకొన్ని చూసి కొలతలు ఇమ్మన్నారు. ఇరవై నలుసులు చాలు. అవి వస్తే అయిపోయినట్టే. ఆదాం అన్న ఈ వారమే బయల్దేరుతున్నాడు, తిరుగు ట్రిప్పులో తెస్తానన్నాడు.

తొందరలో
జ్యోతి

*

ఇంటి నుంచి,
12 డిసెంబరు 2024

జ్యోతీ,

ముందు మంచి మాట. భవ్యకి నవంబరు ఇరవై తొమ్మిదిన ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు.

రెండో మాట రాయడానికి మూడు రోజులు పట్టింది. నలుసులు లేవమ్మా. బ్యారన్‌లో ఇంక ఏమీ లేవు.

బిడ్డ పుట్టిందని ఫోను రాగానే నేను సత్తెనపల్లి వెళ్ళాను. నేను లేని వారం చూసి కోటేష్ పత్తికి కొట్టే మందు రెండు ట్యాంకులు బ్యారన్ లోపల కొట్టి తలుపు మూసేశాడు. నేను వచ్చేసరికి గబ్బిలాలు వెళ్ళిపోయాయి. పదకొండు కింద పడి ఉన్నాయి. గోడ మొత్తం గీరాను, చచ్చిన తొక్కులు తప్ప ఏమీ రాలలేదు.

నేను అరవలేదు. వాడే మొదలెట్టాడు. "నా బిడ్డ ఇంటికొచ్చేసరికి ఆ జ్వరం పురుగులు ఉండకూడదమ్మా. నేను కల్పించానా? జ్యోతి ఉత్తరంలోనే ఉందిగా" అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి వాడికి.  ఆ ఉత్తరం అరుగెక్కి చదివింది నేనే.

ఇప్పుడు మూడో మాట. నువ్వు నన్ను తిట్టాలి, తిట్టు. ఆగస్టులో పెద్దవి తొమ్మిది పంపాను కదా, నిజానికి దొరికింది పది. పదోదాన్ని సీసాలో వేసి స్పిరిట్ పోయబోతుంటే అది గుడ్లు పెట్టడం మొదలెట్టింది. పక్క గదిలో భవ్య నడుం నొప్పని పడుకుని ఉంది. నాకు చెయ్యి రాలేదు. పాపం లేదని నువ్వు రాశావు, నిజమే కావచ్చు. చెయ్యి రాలేదంతే. అన్నీ స్పిరిట్లో వేశానని నీకు అబద్ధం రాశాను.

దాన్ని మాత్రల సీసాలో పెట్టి, మూతికి పలచటి గుడ్డ రెండు మడతలు కట్టి, ఆ సీసాని ఇంకో డబ్బాలో పెట్టి దాచాను. మూడు వారాలకి నలుసులు వచ్చాయి. దానితో వేరే ఏదీ కలపలేదు. తల్లి చచ్చిపోయింది. పిల్లలు కొన్ని చచ్చాయి, కొన్ని ఇంకా తిరుగుతున్నాయి. డబ్బా మీద పెన్సిల్‌తో తేదీ రాశాను. ఇంక మిగిలినవి ఇవే, ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. ఇవి పనికొస్తాయా?

తల దించుకున్న
అత్త

*

పుణె,
6 జనవరి 2025

అత్తా,

పాపకి ముద్దులు. బావ మీద నాకు కోపం లేదు, ఆ వాక్యం రాసింది నేనే. ఆ పదకొండు గబ్బిలాలు నా లెక్కలోకే వస్తాయి.

బతికున్న పిడుదుల్ని ఇంట్లో దాచినందుకు తిట్టాలి, తర్వాత తిడతాను. ముందు ఇది విను.

నీ డబ్బా తెరిచినప్పుడు గంతులేశాను. ముప్ఫై ఏడు పిల్లలు! రెండో ఆయన అడిగిన దానికంటే ఎక్కువే. ఒక్కొక్కటే గాజు పలక మీద పెట్టి చూడటం మొదలెట్టాను. మొదటిది కందిపప్పు. రెండోది కందిపప్పు. మూడోది వరిగింజ.

సీసాలో వేరేవి కలిశాయేమో అనుకున్నాను. నువ్వు కలపలేదని రాశావు, నీ మాట నాకు తెలుసు. అన్నీ చూశాను. వరిగింజలు పందొమ్మిది, కందిపప్పులు పదకొండు. మిగిలిన ఏడూ అటూ ఇటూ కానివి. వెంట్రుకలు కూడా అంతే, కొన్నిటికి రెండు తక్కువ, కొన్నిటికి ఒకటి తక్కువ.

అర్థమైందా అత్తా? అన్నీ ఒక తల్లి పిల్లలే. రెండు జాతులు కావు. ఉన్నది ఒకే జాతి, పుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉన్న పాతదే. ఒకే ఇంట్లో ఒక పిల్ల పొడుగు, ఒక పిల్ల పొట్టి ఉన్నట్టు, అంతే. గోడలోంచి ఏరినవాటిని చూసినన్నాళ్ళు ఇది తెలిసే దారి లేదు. తల్లిని వేరుగా పెట్టి గుడ్లు పొదిగించి ఉండాల్సింది నేను. ఆ పని నువ్వు చేశావు, అదీ తెలియకుండా.

ఈ డబ్బా సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. మేడమ్‌కి కూడా. పదకొండు కందిపప్పులు మాత్రమే తీసి, పాత పదకొండుతో కలిపి కొలతలు పంపితే పేపరు వస్తుంది, ఫెలోషిప్ వస్తుంది. నాలుగు రోజులుగా డబ్బా నా సొరుగులో ఉంది. తాళం వేసి, మళ్ళీ తీసి చూస్తున్నాను. నువ్వు పెంచినవి కాబట్టి నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

జ్యోతి

*

ఇంటి నుంచి,
17 జనవరి 2025

జ్యోతీ,

ఆ డబ్బా పారెయ్.

నేను ఎవరికీ చెప్పను. బ్యారన్‌లో ఏమీ మిగల్లేదు, ఇంకెవరొచ్చి వెతికినా దొరకదు. తల్లిని నేను స్పిరిట్లో వేసి ఉంటే నీకు తెలిసేదా? తెలిసేది కాదు. అలాగే అనుకో. నేను చేసిన పిచ్చి పనికి నీ చదువు ఆగిపోతే నేను మా తమ్ముడికి మొహం ఎలా చూపించను?

ఎవరికమ్మా నష్టం? రేపు ఏ గోమారైనా వచ్చి, నా కులం తప్పు రాశావేంటి అని నిన్ను నిలదీస్తుందా? రెండు జాతులంటే రెండు జాతులే. ఊరంతా నమ్మింది. నేను బెల్లం పంచాను.

పదకొండూ పంపించు. మిగతావి పొయ్యిలో వెయ్యి. నా మాట విను.

అత్త

*

పుణె,
2 ఫిబ్రవరి 2025

అత్తా,

ఆదాం అన్న నీ ఉత్తరం నిన్న ఇచ్చాడు. ఆలస్యమైంది. అప్పటికే పది రోజుల కిందట మేడమ్ బల్ల మీద డబ్బా పెట్టేశాను.

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని ముప్ఫై ఏడూ చూశారు. పూర్తయ్యేసరికి భోజనాల వేళ దాటిపోయింది. "ఒక తల్లి పిల్లలేనని ఎలా నమ్మాలి?" అని అడిగారు. "మా అత్త చెప్పింది" అన్నాను. ఇరవై ఆరేళ్ళు గ్రేడింగ్ చేసిన మనిషి అని, ఒక సీసాలో సరుకు ఇంకో సీసాలో కలపదని చెప్పాను. "అయితే పేపరు వెనక్కి తీసుకుంటున్నామని ఈ రోజే రాయి" అన్నారు. రాశాను.

ఫెలోషిప్ పొడిగించరు. మార్చి ముప్ఫై ఒకటిన హాస్టల్ ఖాళీ చెయ్యాలి. గుంటూరులో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే పని ఉందట, అప్లికేషన్ పెట్టాను. థీసిస్ అక్కడి నుంచే రాసుకోవాలి, ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు. నీ ముప్ఫై ఏడు పిల్లలూ ఇక్కడి సేకరణలో ఉంటాయి. 'ఒకే తల్లి సంతానం' అని చీటీ రాశాను. సేకరించినవారు అనే చోట నీ పేరే రాశాను.

నీ మీద ఒక రోజంతా కోపం వచ్చింది, ఏడ్చాను కూడా. ఆ పదోదాన్ని చంపి ఉంటే బాగుండేదని అనుకున్నాను. ఇప్పుడు అనుకోవడం లేదు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. పారెయ్ అని రాసింది నువ్వేనా అత్తా? తుక్కు కలిసిందని ఎవరిచేతా అనిపించుకోలేదని రాసిన మనిషివి. నా మీద ప్రేమతోనే రాశావని తెలుసు. అయినా ఆ ఉత్తరం నీ దస్తూరీలో చూస్తే ఎలాగో అనిపించింది.

జ్యోతి

*

ఇంటి నుంచి,
16 ఫిబ్రవరి 2025

జ్యోతీ,

రాసింది నేనే. ఎందుకు రాయగలిగానో కూడా చెబుతాను. నీకు తప్ప ఇది ఎవరికీ చెప్పలేదు.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. నేను పొగాకు కొనే ఒక కంపెనీ షెడ్డులో గ్రేడు రాసేదాన్ని. మన పడమర బజారు బుడే లేడూ, ఆయన ఆ ఏడు ఆకు తెచ్చాడు. నిమ్మపండు రంగు ఆకు. నా చేతి మీదుగా అంత మంచి ఆకు ఆ సీజన్‌లో పోలేదు. అంతకు ముందు రోజు బుడే తూకం దగ్గర షెడ్డు మేనేజరుకి ఎదురు మాట్లాడాడు. "వాడిది మూడో గ్రేడు రాయి" అన్నాడు మేనేజరు. రాశాను. ఆకు సరిగ్గా కాలలేదు, పచ్చవారింది అని కారణం కూడా రాశాను. బుడే చీటీ చూశాడు, నా మొహం చూశాడు, బేళ్ళు ఎత్తుకుని పోయాడు. మరుసటి ఏడు పొగాకు మానేసి రాళ్ళ పాలిషింగు పనిలో చేరాడు.

తుక్కు కలిసిందని ఎవరూ అనలేదన్నాను చూడు, అది నిజమే. మంచిదాన్ని తుక్కని రాసింది నేను. అదెవరూ అడగలేదు. నాలాగే నువ్వు కూడా అలవాటు పడతావులే అనుకుని ఆ ఉత్తరం రాశాను. నువ్వు అలవాటు పడలేదు. నాకు సిగ్గేసింది జ్యోతీ. నిన్ను చూసి సంతోషం కూడా వేసింది, రెండూ ఒకేసారి.

నిన్న పొద్దున్న బుడే ఇంటికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని దగ్గుతున్నాడు, రాతి దుమ్ము దగ్గు. ఎందుకొచ్చానో నిలబడే చెప్పాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

దగ్గు తెర ఆగేదాకా మంచం పట్టె పట్టుకున్నాడు. తర్వాత "నాకు తెలుసమ్మా. చీటీ చూసిన రోజే తెలుసు" అన్నాడు. "నాక్కాదు, లోపల ఆమె ఉంది, ఆమెకి చెప్పండి. ఆ ఏడు బ్యారన్ దగ్గర నేను నిద్రపోయి మంట ఆరనిచ్చానని, ఆకు నేనే పాడు చేశానని ఇప్పటికీ అంటది."

ఆయన భార్య రహిమున్నీసా చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. మొదటిసారి కంటే రెండోసారి చెప్పడమే కష్టమైంది. ఆమె నా వైపు కాదు, ఆయన వైపే చూస్తూ విన్నది.

"అయితే ఆయన నిద్రపోలేదా?" అని అడిగింది.

"లేదు. ఆకు మొదటి గ్రేడు" అన్నాను.

నీ
వెంకటరావమ్మత్త